వద్దన్న పరుగు

బోవెల్ గ్యాప్, సెయింట్ లూసీ
ఫిబ్రవరి 9

డార్న్‌లీకి,

ఉత్తరం రాయడం నాకు చేతకాదని నీకు తెలుసు. యూనిస్ కాగితం, కలం బల్ల మీద పెట్టి, రాసేదాకా మొక్కజొన్న కూకూ వడ్డించనంది. మొగుణ్ణి ఇంత కష్టపెట్టే ఆడది ఈ ఊళ్ళో లేదు. అందుకని రాస్తున్నాను. కూకూ చల్లారిపోతోంది.

మంగళవారం మన మైదానానికి నలుగురు మనుషులు వచ్చారు. మూడు కాళ్ళ యంత్రం ఒకటి నిలబెట్టి ఒంటికన్నుతో చూశారు. చూసి, ఎర్రగుడ్డ కట్టిన మేకులు వరసగా కొట్టుకుంటూ పోయారు. అటు చెరుకుతోట గట్టు నుంచి ఇటు మీ అమ్మగారి పందుల దొడ్డి పక్కదాకా. ఒక మేకు సరిగ్గా పిచ్ మీద కొట్టారు. ఉత్తరం వైపు నుంచి వేస్తే మంచి బంతి పడే చోటు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నేను రోలరు లాగుతున్న చోటు.

ఏమిటయ్యా ఇది అని అడుగుదామనుకున్నాను. యూనిస్ అడిగింది.

"కొత్త రోడ్డమ్మా. మంత్రిగారి ఆర్డరు," అన్నారు.

రోడ్ల మంత్రివి నువ్వే కదా. ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుంది. చూసి చెప్పు.

మేకు మాత్రం పీకేశాను. గుంట పూడ్చి నీళ్ళు చల్లాను.

సీబర్ట్ లవెల్


రోడ్ల మంత్రి కార్యాలయం, బ్రిడ్జ్‌టౌన్
ఫిబ్రవరి 20

నా ప్రాణమిత్రుడూ నా ఓపెనింగ్ జోడీ అయిన సీబర్ట్‌కి!

నీ చేతిరాత చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఒరేయ్, పద్నాలుగేళ్ళు ఇద్దరం కలిసి ఇన్నింగ్స్ మొదలుపెట్టాం. అన్నేళ్ళలో నువ్వు నాతో ఆడిన మాటలన్నీ పోగేసినా ఈ ఉత్తరమంత ఉండవు. ద్వీపం జట్టు ఎంపికకి ఇద్దరం వెళ్ళినప్పుడు సెలెక్టరు నీ పేరు అడిగాడు, గుర్తుందా? నువ్వు చెప్పేలోగా ఆయన భోజనానికి వెళ్ళిపోయాడు. నన్ను తీసుకున్నారు. రెండు మ్యాచ్‌లు! ట్రినిడాడ్ మీద ముప్ఫై నాలుగు. జమైకా మీద... సరే, జమైకా సంగతి ఇప్పుడెందుకు.

రోడ్డు విషయం. పొరపాటు కాదురా, అభివృద్ధి! చెరుకు లారీలు గతుకుల్లో బోల్తా పడుతున్నాయి. గర్భిణీ స్త్రీలు ఆసుపత్రికి చేరేలోగా పిల్లలు పుట్టేస్తున్నారు. ఇంజనీర్లు పెద్ద చదువులు చదివినవాళ్ళు. వాళ్ళు గీసిన గీత అలా వచ్చింది. గీతకి స్నేహం ఏం తెలుస్తుంది?

నీకు కొత్త మైదానం ఇప్పిస్తున్నాను. పాత బెల్లపు బట్టీ వెనకాల. కాస్త రాయి ఉంది, కాస్త వాలు ఉంది, కొన్ని మేకలున్నాయి. నీ చెయ్యి పడితే రెండేళ్ళలో పట్టుపరుపు అయిపోతుంది.

ఎన్నికల వేదికల మీద నేనేమంటాను? "బోవెల్ గ్యాప్ పిచ్ మీద నిలబడ్డవాణ్ణి, ఎవడి ముందైనా నిలబడతాను!" అంటాను. జనం ఈలలు వేస్తారు. ఆ పిచ్ మీద నాకు ప్రేమ లేదంటావా? కాని ఒకసారి చెప్పాక వెనక్కి తిరిగే మనిషిని కాను నేను.

అమ్మని అడిగానని చెప్పు. రోడ్డు గురించి మాత్రం అమ్మతో మాట్లాడకు. పెద్ద వయసు, కంగారు పడుతుంది.

నీ డార్న్‌లీ


బోవెల్ గ్యాప్
మార్చి 2

గౌరవనీయులైన రోడ్ల మంత్రిగారి సముఖమునకు,

అయ్యా,

తమరి ఉత్తరము చేరినది.

పాత బెల్లపు బట్టీ వెనుక స్థలమును చూచితిని. రాయి కాస్త కాదు. వాలు ఎంతటిదనగా, ఇటు నుండి బంతి వదిలినచో దానంతట అదే సముద్రము చేరును. మేకలు పదునాలుగు.

మేకు మరల కొట్టిరి. మరల పీకితిని.

ఇట్లు,
తమ విధేయుడు,
ఎస్. లవెల్, పిచ్ కాపరి


బ్రిడ్జ్‌టౌన్
మార్చి 15

ఒరేయ్ సీబర్ట్,

"అయ్యా" నా? "సముఖమునకు" నా? నా చెప్పులు వేసుకుని బడికి వెళ్ళినవాడివి, నన్ను "తమరు" అంటావా? ఉత్తరం చదివి మధ్యాహ్నం భోజనం మానేశాను. మ్యూరియెల్ డాక్టరుకి ఫోను చేసింది. నేను భోజనం మానడం పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి.

సరే, అలగు. అలిగినా నీకో సంతోషకరమైన వార్త చెప్తాను. సంతోషకరమో కాదో నాకింకా తేలలేదు.

మొన్న సభలో రోడ్డు మీద చర్చ. ప్రతిపక్ష నాయకుడు ఆబ్రీ ఫోర్డ్ లేచాడు. ఫోర్డ్ తెలుసుగా. ద్వీపానికి ఎనిమిది మ్యాచ్‌లు బౌలింగ్ చేశాడు, ఆ ఎనిమిదింటినీ ఎనభై చేసి చెప్తాడు. లేచి కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నాడు: "అధ్యక్షా, రోడ్ల మంత్రిగారు తాను ఆడి పెరిగిన మైదానం మీదే తారు పోయిస్తున్నారు. అక్కడ బ్యాటు పట్టిన రోజులు ఆయనకి గుర్తులేవు. ఇప్పుడు పడితే బంతికీ ఆయనకీ మధ్య బొజ్జే అడ్డం!"

సభంతా నవ్వింది. మనవాళ్ళు కూడా నవ్వార్రా! ఆరోగ్య మంత్రి బల్ల చరిచి మరీ నవ్వాడు.

నేను ఊరుకుంటానా? "అధ్యక్షా, ఈ సభ్యుడు పరిగెత్తుకొచ్చి బంతి వదిలేలోగా నేనొక కునుకు తీసి లేస్తాను!" అన్నాను. చప్పట్లు.

"అయితే విట్ సోమవారం పండగ సెలవు మ్యాచ్ బోవెల్ గ్యాప్‌లో పెట్టండి! మైదానాన్ని చంపేముందు ఒకసారి అక్కడ ఆడే దమ్ముందా?" అన్నాడు. ఏటా ప్రభుత్వపక్షానికీ ప్రతిపక్షానికీ మ్యాచ్ జరుగుతుందని నీకు తెలుసు. నేనెప్పుడూ ప్రసంగమే చేస్తాను, ఆడను.

అప్పుడు నాకేమైందో తెలీదు. గొంతులోంచి దానంతట అదే వచ్చేసింది: "నేను ఇరవై పరుగులు చేసేలోగా ఈ ఆబ్రీ ఫోర్డ్ నన్ను ఔట్ చేస్తే, రోడ్డు మైదానం చుట్టూ తిరిగి పోతుంది! రాసుకోండి!"

రాసుకున్నారు. సభలో ప్రతి మాటా రాసుకునేవాడొకడు కూర్చునుంటాడు. ఆ సంగతి అప్పుడు తట్టలేదు. మర్నాడు పేపర్లో మొదటి పేజీ. పాలవాడు నన్ను "ఇరవై గారూ" అని పిలుస్తున్నాడు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఆ రోజుకి పిచ్ కొంచెం నిద్రపోతున్నట్టు ఉంచు. బంతి మోకాలు దాటకూడదు. నీకది చిటికెలో పని.

నీ డార్న్‌లీ


బోవెల్ గ్యాప్
ఏప్రిల్ 1

మంత్రిగారికి,

మీ ఉత్తరం చదివాను. యూనిస్ కూడా చదివింది. నవ్వు ఆపుకోలేక బయటికి పోయింది. నేను నవ్వలేదు.

నిన్న ఆబ్రీ ఫోర్డ్ గారు కారేసుకుని వచ్చారు. పిచ్ చుట్టూ రెండుసార్లు తిరిగారు. "లవెల్, కాస్త పచ్చిక వదిలెయ్యి. బంతి చెవి పక్కనుంచి పోవాలి. గెలిస్తే నీ మైదానం నీకే ఉంటుంది కదా," అన్నారు.

ఆయన చెప్పింది నిజమే. మైదానం నిలుస్తుంది. నాకు ఇంకేం కావాలి?

రోలరు లాక్కుంటూ పోయాను. ఆయన "ఔనన్నట్టా, కాదన్నట్టా?" అని యూనిస్‌ని అడిగారు. "ఆయన రోలరు లాగితే కాదన్నట్టు, కూర్చుంటే ఆలోచిస్తానన్నట్టు. ఔనన్నట్టు ఎలా ఉంటుందో నాక్కూడా తెలీదు బాబూ, పెళ్ళికి మా నాన్నే నా తరఫునా ఆయన తరఫునా ఔనన్నాడు," అంది.

మీకూ అదే జవాబు. నిద్రపోయే పిచ్ ఉండదు, చెవి కోసే పిచ్ ఉండదు. ఎప్పుడూ ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఔటైతే మీవల్ల అవ్వాలి, నావల్ల కాదు.

ఇంకో మాట. శనివారం మీ అమ్మగారికి బ్రెడ్‌ఫ్రూట్ ఇవ్వడానికి వెళ్ళాను. రోడ్డు గురించి నేను ఎత్తలేదు. ఆవిడే ఎత్తారు.

"ఏరా సీబర్టూ, ఆ మూడుకాళ్ళ మనుషులు ముందు నా పెండలం మడిలోకే వచ్చారు. నేను చెరుకు కత్తి పట్టుకుని బయటికొచ్చేసరికి కంచె దూకి పోయారు. మావాడు ఫోను చేసి, 'అమ్మా అమ్మా, కేకలెయ్యకు, నీ జోలికి రానివ్వనులే,' అన్నాడు. వారానికి నీ ఆట స్థలంలో మేకులు లేచాయి. నీకు చెప్పలేదా వాడు?"

చెప్పలేదన్నాను.

మొదటి గీత స్నేహం ఎరిగిన గీతేనన్నమాట. మీ అమ్మగారి దొడ్లోంచి పోయేది. దాన్ని తిప్పింది ఇంజనీర్లు కాదు.

ఎస్. లవెల్


బ్రిడ్జ్‌టౌన్
ఏప్రిల్ 19

సీబర్ట్,

దొరికిపోయాను.

ఏం చెప్పమంటావు? నాకు అరవై మూడేళ్ళు. దేశంలో సగం రోడ్లు నేను వేయించినవే. బ్యాంకు పెద్దలు, తోటల యజమానులు, విదేశాల వాళ్ళు నా గదిలో నిలబడి మాట్లాడతారు. మా అమ్మ ఫోన్లో "ఒరేయ్ డార్న్‌లీ" అంటే మాత్రం కుర్చీలోంచి లేచి చేతులు కట్టుకుంటాను. ఆ రోజు గదిలో ఇద్దరు రాయబారులు కూడా ఉన్నారు. "నా పెండలం మీద రోడ్డేస్తే నీ మీద పిడకలేస్తా" అని అవతలి నుంచి వినబడుతోంది. నేనేమో వాళ్ళతో, "ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతోంది," అని చెప్పాను.

అందుకని గీత తిప్పాను. సీబర్ట్ ఏమీ అనడు, ఎప్పుడూ ఏమీ అనలేదు అనుకున్నాను. అదీ నిజం. ఇంతకంటే సిగ్గులేని నిజం నా దగ్గర లేదు.

ఇప్పుడు మళ్ళీ మారుద్దామంటే ఎలా? "మంత్రి డార్న్‌లీ గిటెన్స్, ఫోర్డ్‌కి భయపడ్డాడు" అంటారు. లేకపోతే "అమ్మకి భయపడి తిప్పాడు, స్నేహితుడికి భయపడి మళ్ళీ తిప్పాడు" అంటారు. మంత్రి వెనక్కి తిరిగితే ఆ రోజే వాడి పని అయిపోయినట్టు. ఇరవై పరుగులు చేస్తానన్నాను. చేస్తాను. రోడ్డు పోతుంది. నన్ను తిట్టుకో.

సాధన మొదలుపెట్టాను. సచివాలయం వరండాలో, పొద్దున్నే. నా కార్యదర్శి నారింజపండ్లు విసురుతాడు. నిన్న ఒకటి బలంగా కొట్టాను, ఆర్థిక మంత్రి గది తలుపు తెరుచుకుంది, తర్వాత ఏమైందో రాయను. పాత తెల్లప్యాంటు మోకాళ్ళ దాకా ఎక్కింది. మ్యూరియెల్ రెండు ప్యాంట్లు కలిపి ఒకటి కుట్టిస్తోంది.

డార్న్‌లీ


బోవెల్ గ్యాప్
మే 24

మంత్రిగారికి,

మీరు నిజం రాశారు. సంతోషం. కోపం పోలేదు.

పిచ్ తయారవుతోంది. పొద్దున నీళ్ళు, తర్వాత బరువు రోలరు, సాయంత్రం తేలిక రోలరు.

నేనూ ఒక నిజం రాయాలి. నిన్న నీళ్ళడబ్బా పట్టుకుని పిచ్‌కి ఉత్తరపు చివర నిలబడ్డాను. అక్కడే రెండు డబ్బాలు ఎక్కువ పోస్తే చాలు, ఫోర్డ్ గారి బంతి ఎటు పోతుందో ఆయనకే తెలియదు. డబ్బా వంచాను కూడా. మిస్ ఇయాంతే పోస్టాఫీసు కిటికీలోంచి చూస్తోంది. ఆవిడ మన స్కోరరు కూడా కదా. ఆవిడ చూసిందని కాదు. మొత్తం మీద డబ్బా తిన్నగా పెట్టేశాను.

ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ పిచ్ ఎవరికీ అబద్ధం చెప్పలేదు. ఆఖరి మ్యాచ్‌కి నేర్పలేను.

మీ అమ్మగారు తొంభై ఒకటో ఏట కొత్త టోపీ కొన్నారు, మ్యాచ్‌కి. మీవైపో ఫోర్డ్ వైపో చెప్పడం లేదు.

సీబర్ట్


బ్రిడ్జ్‌టౌన్
జూన్ 7

సీబర్ట్!

ఒళ్ళంతా నొప్పులు. కలం పట్టుకోవడానికి కూడా రెండు చేతులు కావాలి. అయినా రాయకుండా ఉండలేను, ఎందుకంటే నువ్వు ఇరవై రెండు గజాల దూరంలో నిలబడ్డావు. ఏం జరిగిందో నీకు సరిగ్గా కనబడి ఉండదు.

ముందు, ఆరోగ్య మంత్రి పొద్దున్నే కడుపునొప్పి అన్నాడు. శనివారం వండిన పుడ్డింగ్, పందిమాంసం సౌస్ సోమవారం దాకా తిన్నాడట. మనకి పదిమందే. "సీబర్ట్‌ని రమ్మనండి, నాతో ఓపెనింగ్ చేస్తాడు," అన్నాను. ఫోర్డ్ కూడా సరేనన్నాడు. నువ్వు రానన్నావు. అంటే, రోలరు పట్టుకున్నావు. యూనిస్ రోలరు లాక్కుని నీ చేతికి బ్యాటు ఇచ్చింది. ఇద్దరం కలిసి మైదానంలోకి నడుస్తుంటే జనం ఎలా అరిచారో విన్నావా? మా అమ్మ గొంతు అన్నిటికంటే పైన: "తల దించుకుని ఆడరా, ఆకాశంలో ఏముంది!"

ఫోర్డ్ మొదటి బంతికే బ్యాటు మధ్యలో తగిలింది, ఆ చప్పుడుకి నా ఒళ్ళు పులకరించింది. తర్వాత కవర్స్ మీదుగా ఒక ఫోరు! తర్వాత పందుల దొడ్డి రేకు మీద సిక్సరు! ఇరవై ఏళ్ళవాణ్ణయిపోయాను. ఫోర్డ్ ముఖం చూశావా, ఉడికించిన పీతలా? పందొమ్మిదికి చేరాను. ఒక్క పరుగు. బంతిని మెల్లగా అతని కుడివైపుకి తోసి, "రా!" అని పరిగెత్తాను.

నువ్వు "వద్దు!" అన్నావు.

సగం దారిలో ఆగిపోయాను. తిరిగాను. ఫోర్డ్ బంతి తీసి విసిరాడు. స్టంపు ఎగిరింది.

ఇప్పుడు గొడవ ఏమిటంటే, మిస్ ఇయాంతే పద్ధతి ప్రకారం నా పేరు పక్కన "రనౌట్" అని రాసింది. రనౌట్ అయితే వికెట్టు బౌలరు ఖాతాలోకి రాదు, ఎవరికైనా తెలుసు. మా పార్టీవాళ్ళు ఎగిరి గంతేస్తున్నారు. "సభలో ఏమన్నారు మీరు? ఫోర్డ్ నన్ను ఔట్ చేస్తే అన్నారు. స్కోరుపుస్తకంలో ఫోర్డ్ పేరు లేదు! రోడ్డు వేసెయ్యండి!" అంటున్నారు. ఫోర్డ్ మనుషులు, "విసిరింది ఎవడు, మీ తాతా?" అంటున్నారు. గురువారం సభలో నేను జవాబు చెప్పాలి.

సీబర్ట్, నిన్ను ఒక్కటే అడుగుతాను. ఆ పరుగు ఉందా, లేదా?

డార్న్‌లీ


బోవెల్ గ్యాప్
జూన్ 9, పొద్దున బస్సుకి

డార్న్‌లీ,

నిజం చెప్పేటప్పుడు "మీరు" అనడం నావల్ల కాదు.

ముందు నీ ఇన్నింగ్స్. మొదటి మూడు బంతులు నీ బ్యాటుకి తగల్లేదు. నీకు వినబడిన చప్పుడు రెండు ప్యాంట్ల కుట్టు పిగిలిన చప్పుడు. కవర్స్ మీదుగా అన్న ఫోరు నీ తొడకి తగిలి వెనక్కి పోయింది. అంపైరు మాస్టారు లెగ్‌బై అని చూపడం మరిచిపోయారు, మిస్ ఇయాంతే నీకు రాసేసింది. సిక్సరు మాత్రం సిక్సరే. అది నిజంగా బాగుంది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, బ్యాటు చేతిలో ఉండబట్టి కొట్టలేదు. ముసలి పంది ఇంకా బయటికి రాలేదు.

ఇప్పుడు నువ్వడిగింది.

పరుగు ఉంది.

హాయిగా నడిచి వచ్చినా వచ్చేసే పరుగు. మిడాన్‌లో నిలబడ్డ వాళ్ళ పార్టీ ఆయన టోపీ కిందనుంచి గురక పెడుతున్నాడు. ఫోర్డ్ గారు వంగడానికే కాసేపు పట్టింది. నువ్వు "రా" అన్నావు. నేను వద్దామనే కాలెత్తాను. ఇదివరకు ఎన్నిసార్లు పరుగు లేకపోయినా నువ్వు రమ్మంటే వచ్చాను. నువ్వు సగం దాటి వచ్చేస్తే, నేను నోరు మూసుకుని నా గీత వదిలేసి అవతలికి పరిగెత్తి ఔటయ్యేవాణ్ణి. ఇరవై ఏడుసార్లు. మిస్ ఇయాంతే లెక్క.

ఈసారి కిందికి చూశాను. మేకు కొట్టిన చోటు, నేను పూడ్చిన చోటు. గడ్డి ఇంకా సరిగ్గా అంటుకోలేదు. నీ బూటు దాని మీద పడింది.

వద్దు అని నా నోట్లోంచి వచ్చింది. నాకే తెలీదు అంత గొంతు నాకుందని. ఊళ్ళో కుక్కలు మొరిగాయి. యూనిస్ ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపరంలో ఆ గొంతు వినలేదట. రెండు రోజులుగా నాకు మర్యాదగా భోజనం పెడుతోంది.

పిచ్ చేత అబద్ధం చెప్పించలేదని నీకు గొప్పగా రాశాను. నేనే చెప్పాను. లేని ప్రమాదం ఉందన్నాను. ఆట తెలిసినవాడు జోడీకి ఆ పని చెయ్యకూడదు.

కనక ఆ ఔటు చెల్లదు. సభలో ఈ ఉత్తరం చదువు. ఇరవై నీకే. రోడ్డు వేసుకో. మేకు ఇక పీకను.

సీబర్ట్


బ్రిడ్జ్‌టౌన్
జూన్ 14

ఒరేయ్ సీబర్ట్, ఒరేయ్ మొండి పిచ్ కాపరీ,

ఉత్తరం గురువారం సరిగ్గా సభకి బయల్దేరుతుంటే అందింది. మెట్ల మీద నిలబడి చదివాను. కుట్టు చప్పుడు దగ్గర గట్టిగా నవ్వాను, తర్వాత నవ్వలేదు. నువ్వు మళ్ళీ "నువ్వు" అన్నావు. జేబులో పెట్టుకుని లోపలికి పోయాను.

ఫోర్డ్ లేచాడు. "రోడ్ల మంత్రిగారు ఔటా, కాదా?"

మావాళ్ళు వెనకనుంచి చొక్కా లాగుతున్నారు: "స్కోరుపుస్తకం! స్కోరుపుస్తకం చూపించండి!"

నేను లేచాను. ఉత్తరం తీయలేదు. ఎందుకు తీయలేదో నీకు చెప్పాలి.

పరుగు ఉందని నాకు తెలుసురా. నాకు కళ్ళున్నాయి. ఫోర్డ్ వంగుతుంటే వెన్ను పట్టుకోవడం చూశాను. మిడాన్ వాడి గురక విన్నాను. నువ్వు కదలకపోయినా నేను వచ్చేసి ఉంటే, ఎప్పటిలాగే నువ్వు నీ గీత వదిలేసి వెళ్ళేవాడివి, ఇరవై ఎనిమిదోసారి. నేను పందొమ్మిది మీద నిలిచేవాణ్ణి, తర్వాతి బంతికి ఇరవై. అదీ తెలుసు.

కాని నువ్వు వద్దన్నావు. యాభై ఏళ్ళ స్నేహంలో నువ్వు నన్ను దేనికీ వద్దనలేదు. నా కాళ్ళు అక్కడికక్కడే ఆగిపోయాయి. తిరిగాను. తిరుగుతుంటే, ఎలా చెప్పను, ఒంట్లో బరువంతా దిగిపోయినట్టయింది. ఫిబ్రవరి నుంచి తిరగాలనే ఉందిరా నాకు. మంత్రిగా నిలబడి తిరగడం చేతకాలేదు. నువ్వు చెప్పాక తిరిగేశాను. అంత పెద్ద మైదానంలో, అందరి ఎదుటా, మా అమ్మ కొత్త టోపీ ఎదుటా.

కనక నువ్వు అబద్ధం చెప్పానని ఏడవకు. మోసపోయినవాడు ఉంటేగా మోసం.

సభలో ఇలా అన్నాను: "అధ్యక్షా, బంతి ఫోర్డ్ వేశాడు. బంతి ఫోర్డ్ ఆపాడు. బంతి ఫోర్డ్ విసిరాడు. స్టంపు ఫోర్డ్ కొట్టాడు. ఇంకా అతను నన్ను ఔట్ చేయలేదంటే నాకు సిగ్గు. రోడ్డు చుట్టూ తిరిగి పోతుంది."

సభ ఎంత గోల చేసిందో! మావాళ్ళు తల పట్టుకున్నారు. ఫోర్డ్ నడిచి వచ్చి చెయ్యి కలిపాడు. చెవిలో, "నిజం చెప్పు గిటెన్స్, పరుగుంది కదూ?" అన్నాడు. "నీకేం తెలుసు, ఎనిమిది మ్యాచ్‌లవాడివి," అన్నాను. ఇద్దరం కలిసి వెళ్ళి రమ్ తాగాం.

ఇప్పుడు ఒకే ఒక కష్టం మిగిలింది. చుట్టూ తిరిగే దారి అంటే పెండలం మడి, పందుల దొడ్డి. మా అమ్మకి ఎవరు చెప్తారు? నేను ఒక ప్రజాసేవకుణ్ణి, దేశానికి నా ప్రాణం అవసరం. నీకు ఇప్పుడు గొంతు వచ్చింది కదా. వెళ్ళి చెప్పరా. చెరుకు కత్తి ముందే దాచేయమని యూనిస్‌తో చెప్పు.

నీ డార్న్‌లీ


బోవెల్ గ్యాప్
మరుసటి మార్చి 11

డార్న్‌లీ,

ఆలస్యంగా రాస్తున్నాను. రాసేలోగా ఏదో ఒకటి జరుగుతోంది.

మీ అమ్మగారికి అప్పుడు నేనే చెప్పాను. "పెండలం మడి రోడ్డుకి కావాలి," అన్నాను. అయిదు మాటలు కూడా లేవు. ఆవిడ నన్ను పైనించి కిందికి చూశారు.

"మావాణ్ణి అందరి ముందూ వెనక్కి తిప్పినవాడివి నువ్వే కదూ?"

ఔనన్నాను.

"వాడి పెళ్ళప్పుడు ఎక్కడున్నావురా?" అన్నారు. తర్వాత, "తీసుకోండి. బస్సు మాత్రం నా గుమ్మం ముందే ఆగాలి," అన్నారు. ఇది మ్యూరియెల్‌కి చెప్పకు.

రోడ్డు పడింది. బాగుంది. మన లెగ్ బౌండరీని ఆనుకుని వంపు తిరిగి పోతుంది. బస్సు మీ అమ్మగారి గుమ్మం ముందు ఆగుతుంది. ఆవిడ అక్కడ బల్ల వేసుకుని కొబ్బరి రొట్టె, మాబీ షర్బతు అమ్ముతున్నారు. బస్సులో కూర్చుంటే పిచ్ తిన్నగా కనబడుతుంది. అదీ ఇబ్బంది. శనివారాలు ఎక్కినవాళ్ళు దిగడం లేదు, దిగినవాళ్ళు వెళ్ళడం లేదు. మొన్న ఎవరో కొట్టిన సిక్సరు కిటికీలోంచి లోపల పడింది. బంతి ఇమ్మంటే ఒకావిడ, "ఈ ఓవరు అయ్యేదాకా బస్సు కదలదని డ్రైవరు చేత చెప్పించండి, ఇస్తాను," అంది.

డ్రైవరు చెప్పాడు. చెప్పి, బస్సు ఆపేసి, కిందికి దిగి, పాయింట్‌లో నిలబడ్డాడు. మంచి క్యాచ్ పట్టాడు. చెమట తుడుచుకుని, వచ్చే వారం కూడా వస్తానన్నాడు.

బస్సు ఉత్తర తీరం చేరేసరికి గంటన్నర ఆలస్యమట. నీకు ఫిర్యాదు వస్తుంది. ఏం జవాబు చెప్తావో నీ ఇష్టం. అతన్ని మాత్రం ఈ దారిలోంచి మార్చకు. ఎడమచేత్తో వేస్తాడు, మనకి ఎడమచేతివాడు లేడు.

సీబర్ట్